ఒక్క కేబుల్ తెగితే: నెట్‌వర్క్ టోపాలజీల తీరుతెన్నులు

కంప్యూటర్లు, స్విచ్‌లు, రౌటర్లు ఒకదానితో ఒకటి ఏ ఆకారంలో కలిసి ఉన్నాయో చెప్పేదే నెట్‌వర్క్ టోపాలజీ. కేబుల్ రాగిదా ఫైబరా, పొడవెంత అన్నది దీనికి పట్టదు. ఎవరికి ఎవరితో నేరుగా లింకు ఉంది, ఎవరు ఎవరి మీదుగా వెళ్ళాలి అన్నదే లెక్క. పాఠ్యపుస్తకాలు బస్, స్టార్, ట్రీ, రింగ్, మెష్ అని ఐదు బొమ్మలు గీసి, ఒక్కోదానికీ లాభనష్టాల పట్టిక ఇస్తాయి. ఆ పట్టికల్లో తప్పేమీ లేదు గానీ, అసలు ప్రశ్న వాటిలో మరుగున పడిపోతుంది. నెట్‌వర్క్ సవ్యంగా నడుస్తున్నంతసేపూ అది ఏ ఆకారంలో ఉందో వాడేవాళ్ళకు తెలియనే తెలియదు. ఒక కేబుల్ తెగినప్పుడు, ఒక పెట్టె ఆగిపోయినప్పుడు ఎంతమందికి కనెక్షన్ పోయింది, తెగిన చోటు ఎంతసేపటికి దొరికింది అన్నదాన్ని బట్టే ఒక డిజైన్‌కీ ఇంకో డిజైన్‌కీ ఉన్న తేడా బయటపడుతుంది.

ఇక్కడ రెండు బొమ్మలను విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. కేబుళ్ళు గోడ వెంట, నేల కింద నిజంగా నడిచిన తీరు భౌతిక టోపాలజీ. డేటా ఒక నోడ్ (కంప్యూటర్, స్విచ్ లేదా రౌటర్) నుంచి మరో నోడ్‌కు చేరే తీరు తార్కిక టోపాలజీ. ఈ రెండూ ఒకేలా ఉండాలన్న నియమం లేదు, చాలాసార్లు ఉండవు కూడా. చూడటానికి స్టార్‌లా ఉన్న వైరింగ్ లోపల రింగ్ నడవొచ్చు, బస్సూ నడవొచ్చు.

బస్ టోపాలజీలో ఉండేది ఒకే పొడవాటి కేబుల్. కంప్యూటర్లన్నీ దానికే తగిలించి ఉంటాయి. అమెరికాలో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ 1973లో మొదలుపెట్టిన ఈథర్‌నెట్ ఈ కోవలోదే. దాని తొలి వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. 1983లో ఐఇఇఇ 802.3 ప్రమాణం వచ్చేసరికి వేగం 10 మెగాబిట్లకు చేరింది. అందులో వాడిన 10బేస్5 కేబుల్ వేలి లావున ఉండే కోయాక్సియల్ కేబుల్, సాధారణంగా పసుపు రంగులో ఉండేది. ఒక ముక్క పొడవు 500 మీటర్లు దాటకూడదు, దాని మీద 100 కంటే ఎక్కువ కనెక్షన్లు ఉండకూడదు. కేబుల్ మీద ప్రతి 2.5 మీటర్లకు ఒక గుర్తు ఉంటుంది. కొత్త కంప్యూటర్‌ను కలపాలంటే కేబుల్‌ను కోసే పని లేదు. ఆ గుర్తు దగ్గర ఒక క్లాంప్ బిగిస్తే, అందులోని సూది పై తొడుగునూ లోపలి పొరనూ గుచ్చుకుని పోయి మధ్యనున్న రాగి తీగను తాకుతుంది. దీన్ని వ్యాంపైర్ ట్యాప్ అనేవారు. నెట్‌వర్క్ నడుస్తుండగానే ఈ పని చేయొచ్చు. కానీ సూది సరిగ్గా దిగకపోయినా, పక్కనున్న జాలీ తీగను తాకినా లైను మొత్తం పాడవుతుంది.

బస్‌లో ఒకరు పంపింది అందరికీ వినపడుతుంది. ఎవరు ఎప్పుడు పంపాలో నిర్ణయించే కేంద్రం అంటూ ఏదీ లేదు. పంపదలచిన కంప్యూటర్ ముందు లైను ఖాళీగా ఉందో లేదో చూస్తుంది, ఖాళీ అయితే పంపుతుంది. రెండు కంప్యూటర్లు ఒకేసారి పంపితే సంకేతాలు కలిసిపోయి రెండూ చెడిపోతాయి. దీన్నే కొలిజన్ అంటారు. అప్పుడు రెండూ ఆగి, యాదృచ్ఛికంగా ఎంచుకున్నంత సేపు వేచి ఉండి, మళ్ళీ ప్రయత్నిస్తాయి. మళ్ళీ ఢీకొంటే ఆ వేచి ఉండే వ్యవధి పరిధి రెట్టింపవుతుంది. వరసగా 16 సార్లు విఫలమైతే కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు చేతులెత్తేస్తుంది. ఒక విడతలో పంపే డేటా ముక్క, అంటే ఈథర్‌నెట్ ఫ్రేమ్, 64 బైట్లకు తగ్గకూడదన్న నియమం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. అంతకంటే చిన్నదైతే, కేబుల్ ఆ చివరన జరిగిన కొలిజన్ కబురు తిరిగి వచ్చేలోపే ఈ చివరి కంప్యూటర్ పంపడం పూర్తిచేసి, అంతా సవ్యంగా చేరిందనుకుంటుంది.

బస్ అసలు బలహీనత కొలిజన్లు కావు. కేబుల్ రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్ ఉండి తీరాలి. సంకేతం చివరికి చేరగానే అది పీల్చేసుకుంటుంది. మధ్యలో కేబుల్ తెగితే ఆ తెగిన చోట రెండు కొత్త చివర్లు పుడతాయి, వాటికి టెర్మినేటర్లు ఉండవు. సంకేతం అక్కడ తగిలి వెనక్కి పరావర్తనం చెంది, వచ్చే సంకేతాన్ని చెడగొడుతుంది. అంటే లైను రెండు ముక్కలై, ఏ ముక్కకు ఆ ముక్కగా పనిచేస్తుందనుకుంటే పొరపాటు. రెండూ పనిచేయవు. తర్వాత వచ్చిన సన్నని 10బేస్2 కేబుల్‌లో ఈ బాధ ఇంకా పెరిగింది. 185 మీటర్లలో 30 కంప్యూటర్ల వరకూ కలిపే ఆ పద్ధతిలో ప్రతి కంప్యూటర్ వెనకా ఒక టీ ఆకారపు కనెక్టర్ ఉంటుంది, లైను దాని గుండా సాగుతుంది. బల్ల జరిపేటప్పుడు ఎవరైనా ఆ కనెక్టర్ విప్పదీస్తే ఆఫీసంతటికీ నెట్‌వర్క్ పోయేది. ఎక్కడ పోయిందో తెలియాలంటే ఒక్కో కనెక్టర్‌నూ చూసుకుంటూ పోవాల్సిందే.

బస్ ఆఫీసుల నుంచి వెళ్ళిపోయినా, పూర్తిగా పోలేదు. బాష్ కంపెనీ 1986లో పరిచయం చేసిన క్యాన్ బస్ ఇవాళ దాదాపు ప్రతి కారులోనూ ఉంది. ఇంజిన్, బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్, డ్యాష్‌బోర్డు కంట్రోలర్లు మెలివేసిన రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. ఇక్కడ రెండు సందేశాలు ఒకేసారి మొదలైతే రెండూ చెడిపోవు. గుర్తింపు సంఖ్య తక్కువ ఉన్నది గెలుస్తుంది, ఓడినది తప్పుకుని తర్వాత పంపుకుంటుంది. అత్యవసరమైన సందేశాలకు చిన్న సంఖ్యలు ఇస్తారు కాబట్టి వాటికి ఆలస్యం కాదు. బస్ రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్ ఉంటుంది. వాహనం ఆపి, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో 6, 14 నంబరు పిన్‌ల మధ్య మల్టీమీటర్ పెడితే చాలా కార్లలో 60 ఓమ్‌లు చూపిస్తుంది, రెండు 120లు సమాంతరంగా ఉన్నాయి గనక. 120 చూపిస్తే ఎక్కడో తీగ తెగిందనో, ఒక టెర్మినేటర్ పోయిందనో మెకానిక్‌కు తెలిసిపోతుంది. లైను పొట్టిగా ఉండి, దాన్ని మాటిమాటికీ ఎవరూ కదిలించని చోట బస్‌కు మించిన పొదుపు లేదు.

ఆఫీసుల్లో బస్‌ను తొలగించింది స్టార్. ప్రతి కంప్యూటర్ నుంచి విడిగా ఒక కేబుల్ వచ్చి మధ్యలో ఉన్న పెట్టెలో కలుస్తుంది. కేబుల్ ఎక్కువే పడుతుంది. కానీ ఒక కేబుల్ తెగితే పోయేది ఆ ఒక్క కంప్యూటరే, పైగా పెట్టె మీద ఆ పోర్టు పక్కనున్న చిన్న లైటు ఆరిపోయి తెగింది ఏదో చెప్పేస్తుంది. స్టార్ గెలవడానికి వేగం కంటే ఈ సంగతే ముఖ్యమైన కారణమని చెప్పొచ్చు. 1990లో వచ్చిన 10బేస్‌టీ ప్రమాణం టెలిఫోన్ తీగల్లాంటి మెలివేసిన జంట తీగల మీద 100 మీటర్ల దాకా 10 మెగాబిట్ల వేగం ఇచ్చింది. ఆ 100 మీటర్ల హద్దు నేటి క్యాట్6 కేబుల్‌కూ సాధారణంగా వర్తిస్తుంది.

తొలినాళ్ళలో ఆ మధ్యనున్న పెట్టె హబ్. ఒక పోర్టులో వచ్చిన సంకేతాన్ని అది మిగతా అన్ని పోర్టుల్లోకీ పంపేది. అంటే వైరింగ్ స్టార్ అయినా డేటా నడక ఇంకా బస్సే. కొలిజన్లు అలాగే ఉన్నాయి, ఉన్న 10 మెగాబిట్లనే అందరూ పంచుకోవాలి. దీన్ని మార్చింది స్విచ్. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్ సహ వ్యవస్థాపకుడిగా ఉన్న కల్పన అనే అమెరికన్ కంపెనీ 1990లో ఏడు పోర్టుల ఈథర్‌స్విచ్‌ను తెచ్చింది. ఆ కంపెనీని 1994లో సిస్కో కొనుక్కుంది. హబ్ చేసేది ఊరంతా దండోరా వేయడమైతే, స్విచ్ చేసేది ఇంటి నంబరు చూసి ఉత్తరం ఇచ్చి రావడం. ఏ కార్డు చిరునామా ఏ పోర్టు వెనక ఉందో స్విచ్ వచ్చిన ఫ్రేములను చూసి తనే నేర్చుకుంటుంది. ఆ తర్వాత రెండు కంప్యూటర్ల మధ్య డేటా ఆ రెండు పోర్టుల మధ్యే నడుస్తుంది. మిగతా పోర్టుల్లో వేరేవాళ్ళు అదే సమయంలో పూర్తి వేగంతో మాట్లాడుకోవచ్చు.

మధ్య పెట్టె పోతే అంతా పోతుందన్నది స్టార్ మీద పుస్తకాలన్నీ చెప్పే ఫిర్యాదు. అది నిజమే. కానీ ఆ పెట్టె ఎక్కడుందో తెలుసు, తాళం వేసిన ర్యాక్‌లో ఉంది, యూపీఎస్ పెట్టొచ్చు, స్పేర్ ఉంచుకోవచ్చు. ఎక్కడైనా జరగగల తప్పును ఒకే చోటికి తెచ్చుకోవడం నష్టం కాదు, చాలా సందర్భాల్లో లాభం.

స్విచ్‌లకు స్విచ్‌లు తగిలిస్తే ట్రీ టోపాలజీ వస్తుంది. గదికొక స్విచ్, అంతస్తుకొకటి, భవనానికి ఒక పెద్దది. కాలేజీలు, ఆసుపత్రులు, కార్యాలయాల నెట్‌వర్కులు ఎక్కువగా ఇలాగే పెరుగుతాయి. కొమ్మ ఎంత మొదట్లో తెగితే అంతమందికి కనెక్షన్ పోతుంది. అందుకని ముఖ్యమైన చోట్ల రెండో లింకు వేద్దామనిపిస్తుంది. అక్కడే అసలు చిక్కు. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయుష్షు లెక్క ఉండదు. ఐపీ ప్యాకెట్‌లో ఉండే అంచెల లెక్క, అది సున్నా కాగానే పారేయడం ఇక్కడ లేవు. స్విచ్‌ల మధ్య ఒక వలయం ఏర్పడితే, అందరికీ వెళ్ళాల్సిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము అందులో తిరుగుతూనే ఉంటుంది, ప్రతి స్విచ్ దగ్గరా దాని ప్రతులు పెరుగుతూ ఉంటాయి. క్షణాల్లో నెట్‌వర్క్ నిండిపోతుంది. ఆఫీసులో ఎవరో వేలాడుతున్న ప్యాచ్ కార్డ్ రెండు చివర్లనూ ఒకే స్విచ్‌లో గుచ్చినా చాలు, ఇది జరగడానికి.

దీనికి విరుగుడు 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ పద్ధతి. స్విచ్‌లు తమలో తాము చిన్న సందేశాలు పంపుకుని ఒకదాన్ని చెట్టు వేరుగా (రూట్‌గా) ఎన్నుకుంటాయి, దాని నుంచి వలయం లేని ఒక చెట్టును గీసుకుని, మిగిలిన లింకులను మూసి ఉంచుతాయి. వాడుకలో ఉన్న లింకు తెగితే మూసి ఉంచినది తెరుచుకుంటుంది. తొలి ప్రమాణంలో ఇందుకు 30 నుంచి 50 సెకన్లు పట్టేది. ఈ పద్ధతికీ హద్దులున్నాయి. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ కుప్పకూలి, దాదాపు నాలుగు రోజులు వైద్యులు కాగితాల మీద పని నడపాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి అవసరం పడ్డప్పుడల్లా ఒక్కో స్విచ్ అతికిస్తూ పెంచిన ఆ నెట్‌వర్క్ స్పానింగ్ ట్రీ తట్టుకోగల లోతును దాటిపోయింది. ట్రాఫిక్ ఒక్కసారిగా పెరిగేసరికి స్విచ్‌లు చెట్టును నిలబెట్టుకోలేకపోయాయి. ట్రీ పద్ధతిలో నెట్‌వర్క్ పెంచడం ఎంత సులువో, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం అంత కష్టం.

ఇళ్ళకు వచ్చే ఫైబర్ కనెక్షన్ కూడా ట్రీయే. ఆపరేటర్ కార్యాలయం నుంచి వచ్చిన ఒక ఫైబర్ వీధిలో స్ప్లిట్టర్ దగ్గర 32 గానో 64 గానో చీలుతుంది. ఈ స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు, అది వెలుగును పంచే గాజు మాత్రమే. జీపాన్ పద్ధతిలో కిందికి సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు నడుస్తాయి. కిందికి వచ్చే డేటా అందరి ఇళ్ళకూ చేరుతుంది, ఇంట్లోని పెట్టె తనది మాత్రమే తీసుకుంటుంది. అందుకే దాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తారు. ట్రీ ఆకారంలోనూ బస్ లక్షణం ఇలా మిగిలే ఉంది.

రింగ్ టోపాలజీలో ప్రతి నోడ్‌కూ ఇటొకరు, అటొకరు పొరుగు. ఐబీఎం 1985లో మార్కెట్‌లోకి తెచ్చిన టోకెన్ రింగ్‌లో టోకెన్ అనే మూడు బైట్ల ఫ్రేము వలయంలో తిరుగుతూ ఉంటుంది. అది చేతికి వచ్చినవాళ్ళే పంపాలి. కొలిజన్ అన్న మాటే లేదు. గరిష్ఠంగా ఎంతసేపు వేచి ఉండాలో ముందే లెక్క కట్టొచ్చు. రద్దీ పెరిగినా ఈ క్రమం చెదరదు. ఈథర్‌నెట్ కంటే ఇది పద్ధతైన డిజైన్ అని అప్పటి ఇంజినీర్లలో చాలామంది నమ్మారు, ఆ నమ్మకానికి ఆధారమూ ఉంది. అయితే వలయంలో ఒక కంప్యూటర్ ఆగితే వలయమే తెగాలి కదా? అలా కాకుండా ఐబీఎం కేబుళ్ళన్నిటినీ ఎనిమిది పోర్టుల ఒక పెట్టె దగ్గరికి తెచ్చింది. కంప్యూటర్ కార్డు తన కేబుల్ మీద కొద్దిపాటి విద్యుత్తు పంపితే ఆ పెట్టెలోని రిలే మారి దాన్ని వలయంలో కలుపుతుంది. కంప్యూటర్ ఆపేస్తే రిలే వెనక్కి పడి, ఆ పోర్టును దాటేసి వలయం కలుస్తుంది. చూడటానికి స్టార్, నడకలో రింగ్. ఇంత చక్కని ఏర్పాటు కార్డుల ధర దగ్గర ఓడిపోయింది. చవకైన ఈథర్‌నెట్‌కు స్విచ్ తోడయ్యాక కొలిజన్ల బాధే లేకుండా పోయింది.

గదుల్లో ఓడిన రింగ్ ఊళ్ళ మధ్య నిలబడింది. టెలికాం సంస్థల ఎస్‌డీహెచ్ ఫైబర్ రింగుల్లో ఒక చోట తెగితే 50 మిల్లీసెకన్లలో డేటా వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఫోనులో మాట్లాడుతున్నవాళ్ళకు అది తెలియనైనా తెలియదు. చెట్టు ఆకారంలో ఉన్న నెట్‌వర్క్‌లో రెండు కొమ్మల చివర్లను కలిపే ఒక్క అదనపు ముక్కతో ఆ కొమ్మలకు ఇంత రక్షణ వస్తుంది. ఈ తేడా మన దేశంలో పల్లెల నెట్‌వర్క్ దగ్గర స్పష్టంగా కనపడింది. గ్రామ పంచాయతీలన్నిటికీ ఫైబర్ తేవడానికి 2011లో ఆమోదం పొంది, తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం మొదటి దశలో బ్లాకు కేంద్రం నుంచి పంచాయతీలకు వరసగా, చెట్టుకొమ్మల పద్ధతిలో లైన్లు వేసింది. రోడ్డు వెడల్పు పనిలోనో, పైపులైను తవ్వకంలోనో జేసీబీ పన్ను తగిలి ఒక చోట తెగితే ఆ తర్వాతి పంచాయతీలన్నీ చీకట్లో ఉండేవి. స్ప్లైసింగ్ మెషీన్‌తో మనిషి వెళ్ళి అతికేదాకా అంతే. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకం, దాదాపు 1.39 లక్షల కోట్ల రూపాయల వ్యయంతో, రింగ్ టోపాలజీని ఎంచుకుంది. కాస్త ఆలస్యంగానైనా సరైన నిర్ణయమే.

ఇక మెష్. ప్రతి నోడ్ నుంచి మిగతా ప్రతి నోడ్‌కూ నేరుగా లింకు ఉంటే అది పూర్తి మెష్. నోడ్‌ల సంఖ్యను దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించి సగం చేస్తే లింకుల లెక్క వస్తుంది. 10 నోడ్‌లకు 45 లింకులు, 100 నోడ్‌లకు 4,950. ఇది కొద్దిపాటి నోడ్‌లకు తప్ప సాధ్యపడేది కాదు. మరి ఎన్ని లింకులుంటే చాలు? అణుదాడి తర్వాతా పనిచేసే సమాచార వ్యవస్థ గురించి ర్యాండ్ సంస్థలో ఆలోచించిన పాల్ బ్యారన్ 1960ల తొలి ఏళ్ళలోనే దీనికి జవాబు లెక్కగట్టాడు. నోడ్‌కు సగటున మూడు, నాలుగు లింకులుంటే చాలు, నోడ్‌లలో పెద్ద భాగం నాశనమైనా మిగిలినవి ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. ఈ అంశాన్నంతటినీ కలిపి చూస్తే అన్నిటికంటే విలువైన ఫలితం ఇదే. పూర్తి మెష్ ఖర్చులో చిన్న భాగానికే దాదాపు అంత దృఢత్వం వస్తుంది.

ఇంటర్నెట్‌కు ఆది అయిన ఆర్పానెట్ 1969 డిసెంబరు నాటికి నాలుగు నోడ్‌లతో ఉంది. లాస్ ఏంజెలెస్, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ, శాంటా బార్బరా మూడూ త్రిభుజంగా కలిశాయి. యూటా విశ్వవిద్యాలయం మాత్రం స్టాన్‌ఫర్డ్ సంస్థకు ఒక్క లైనుతో వేలాడింది. పూర్తి మెష్‌కు ఆరు లైన్లు కావాలి, వేసింది నాలుగు. కాలిఫోర్నియా త్రిభుజంలో ఏ లైను తెగినా ఎవరికీ నష్టం లేదు. నాలుగోది తెగితే యూటా బయటే.

నేటి డేటా సెంటర్లు వాడేది మెష్‌కూ ట్రీకీ మధ్యస్థమైన ఆకారం. బెల్ ల్యాబ్స్‌లో ఛార్లెస్ క్లోస్ 1953లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం రాసిన సిద్ధాంతమే దీనికి ఆధారం. సర్వర్లకు దగ్గరగా ఉండే స్విచ్‌లను లీఫ్ అని, పైవరస వాటిని స్పైన్ అని అంటారు. ప్రతి లీఫ్ నుంచి ప్రతి స్పైన్‌కూ లింకు ఉంటుంది. లీఫ్‌కు లీఫ్‌తో గానీ, స్పైన్‌కు స్పైన్‌తో గానీ ఉండదు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో చూపిన లెక్క ప్రకారం, ఇలాంటి మూడు వరసల అమరికలో 48 పోర్టుల మామూలు స్విచ్‌లు 2,880 వాడితే 27,648 సర్వర్లను పూర్తి వేగంతో కలపొచ్చు. దూరపు రెండు సర్వర్ల మధ్య 576 సమాన దారులుంటాయి. ఒక స్విచ్ ఆగితే కొన్ని దారులు తగ్గుతాయంతే. స్పానింగ్ ట్రీలో మాదిరిగా అదనపు లింకులను మూసి ఉంచరు, అన్నిటి మీదా ట్రాఫిక్‌ను పంచుతారు. అక్కడ ఖరీదైన పెద్ద పెట్టె ఒక్కటి కొనే బదులు చిన్నవి వేలల్లో కొంటారు.

వైర్‌లెస్ నెట్‌వర్కుల్లోనూ ఇవే ఆకారాలు. ఇంట్లోని వైఫై రౌటర్ చుట్టూ ఫోన్లు చేరేది స్టార్. పెద్ద ఇంట్లో రెండు మూడు పెట్టెలు పెట్టి అమర్చుకునే మెష్ వైఫైలో ప్రతి పెట్టె పక్కదాని డేటాను ముందుకు పంపుతుంది. అలా ఒకే రేడియో ఛానల్ మీద పంపే ప్రతి అంచెకూ వేగం తగ్గుతుంది.

బొమ్మ మీద ఎంత మంచి మెష్ గీసినా, నేల మీద కేబుళ్ళు ఎలా నడిచాయన్నది వేరే సంగతి. 1986 డిసెంబరు 12న అమెరికాలో న్యూ ఇంగ్లండ్ ప్రాంతం ఆర్పానెట్ నుంచి పూర్తిగా విడిపోయింది. ఆ ప్రాంతానికి ఏడు వేర్వేరు లైన్లున్నాయి. ఏడూ ఒకేసారి పోవడం అసంభవమని అందరూ అనుకున్నారు. అయితే న్యూజెర్సీలోని నెవార్క్‌కూ, న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్ ప్లెయిన్స్‌కూ మధ్య టెలిఫోన్ కంపెనీ ఆ ఏడింటినీ ఒకే ఫైబర్ కేబుల్‌లో నడిపింది. ఆ కేబుల్ తెగింది. 2008 జనవరి 30న మధ్యధరా సముద్రంలో అలెగ్జాండ్రియా దగ్గర రెండు సముద్ర గర్భ కేబుళ్ళు తెగినప్పుడు, వేర్వేరు కంపెనీలకు చెందిన సీమీవీ-4, ఫ్లాగ్ ఒకే ఇరుకు దారిలో నడవడం వల్ల, భారతదేశపు ఇంటర్నెట్ బ్యాండ్‌విడ్త్‌లో సుమారు సగం పోయిందని సర్వీస్ ప్రొవైడర్ల సంఘం అప్పట్లో అంచనా వేసింది. ట్రాఫిక్‌ను తూర్పు వైపు మళ్ళించి పని నడిపారు.

పల్లెల రింగ్‌కూ ఇది వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ ఫైబర్‌ను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా లాగింది, తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తీసిన కందకాలను వాడుకుంది. రెండూ ఖర్చు తగ్గించే తెలివైన పనులే. కానీ రింగ్ రెండు చేతులూ ఒకే స్తంభాల వరస మీదో, ఒకే కందకంలోనో నడిస్తే, తుఫానుకు ఆ స్తంభాలు ఒరిగిన రోజున, పైపు మరమ్మతుకు ఆ కందకం మళ్ళీ తవ్విన రోజున రెండూ కలిసే పోతాయి.

అందుకని పెద్ద నెట్‌వర్కుల ఇంజినీర్లు లింకుల పటంతో పాటు కందకాలు, వంతెనలు, స్తంభాల పటాన్ని కూడా ఉంచుకుంటారు. ఒకే కందకంలో నడిచే లింకులన్నిటికీ ఒకే గుంపు సంఖ్య ఇస్తారు. దీన్ని షేర్డ్ రిస్క్ లింక్ గ్రూప్ అంటారు. ఆ సంఖ్యలను రౌటర్లలో నమోదు చేస్తే, ఒక దారికి ప్రత్యామ్నాయం వెతికేటప్పుడు రౌటర్ అదే సంఖ్య ఉన్న లింకును పక్కనపెట్టి మరో దాన్ని ఎంచుకుంటుంది. కొత్త కేబుల్ వేసినప్పుడల్లా, పాతది వేరే దారికి మార్చినప్పుడల్లా ఆ సంఖ్యలు సరిచూసి మార్చే పని మాత్రం మనుషులే చేయాలి.